చెక్కపనికి చిల్లుల బల్ల ఇంట్లోనే చేసుకున్నా - నా అనుభవం

ముక్క కోసేటప్పుడు జరిగిపోవడం, మూల 90 రాకపోవడం, ఈ రెండిటికీ మందు చిల్లుల బల్లేనండి, అంటే పైనంతా వరసగా చిల్లులుండే పని బల్ల. చిల్లు 20 మిల్లీమీటర్లు, సెంటర్ నుంచి సెంటర్‌కి 96, ఇదే కొలత పెట్టుకోండి, డాగ్‌లు (చిల్లులో దించి ముక్కని ఆపే గుండ్రటి మేకుల్లాంటివి), క్లాంపులు (ముక్కని బిగించి పట్టేవి) ఈ సైజుకి దొరుకుతాయి.

బల్ల పైపలకకి అందరూ ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) అంటారు గానీ మా కోనసీమలో చుట్టూ కాలవలు, వరిచేలు, వానాకాలం గాలే తడిగా ఉంటది, ఎండీఎఫ్ చెమ్మ పీల్చి ఉబ్బితే డాగ్ చిల్లులో బిగుసుకుపోద్ది. అందుకే ఐఎస్ 710 మార్కున్న 18 ఎంఎం మెరైన్ ప్లై (తడికి తట్టుకునే ప్లైవుడ్) వేశా, రేటు ఎక్కువే కానీ తప్పదు, చిల్లుల లోపల కూడా వార్నిష్ పట్టించా.

చేతి డ్రిల్‌తో నిటారుగా రాదు, రౌటర్‌కి (చెక్కని తొలిచే కరెంటు మిషను) దారి చూపే టెంప్లేట్ (చిల్లులున్న అచ్చు పలక) కట్టి కొంచెం కొంచెంగా దింపాలి, కింద పనికిరాని చెక్క పెడితే అంచు పెచ్చులు లేవదు. టెంప్లేట్ జరిపినప్పుడల్లా ముందు వేసిన చిల్లుల్లో, బాగా దూరంగా ఉన్న రెండిట్లో, పిన్నులు దించి ఆపాలి, దగ్గర చిల్లుల్లో ఆపితే వెంట్రుకవాసి తేడా కూడా చివరికి పెద్దదైపోద్ది. చెకింగ్ ఈజీ, ఒక మూల చిల్లు నుంచి ఇటు 3 గడులు (గడి అంటే చిల్లు నుంచి చిల్లుకి 96) 288, అటు 4 గడులు 384, ఐమూలగా సరిగ్గా 480 రావాలి.

డాగ్‌లు రావులపాలెంలో లేత్ షాపులో తిప్పించా, కొలత నోటితో చెప్పకుండా చిల్లేసిన ప్లై ముక్కే చేతికిచ్చా, అందుకే టైటుగా కూర్చున్నాయి. బల్ల కింద మాత్రం ఏమీ దాచకండి, రంపపు పొట్టంతా చిల్లుల్లోంచి దానిమీదే పడుద్ది.