ఏటీవీ (నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) బ్రేకుల్లో గాలి తీసే ముందు

బండిని చదునైన చోట పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. బ్రేక్ ఆయిల్ ఏదో ఒకటి పోసేయకండి, బండి మీదున్న బ్రేక్ ఆయిల్ గిన్నె మూత మీద డాట్ 4 (ఆయిల్ రకం) అని ఉంటే అదే, అదీ సీల్ తీయని డబ్బాలోంచే, ఎందుకంటే ఎప్పుడో తెరిచి వదిలేసిన ఆయిల్ గాలిలోని తేమను పీల్చేసుకుని ఉంటుంది. డాట్ 5 సిలికాన్ రకం, ఇందులో కలపొద్దు.

కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. ఆయిల్ చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది, పక్కన మగ్గుతో నీళ్లుంచుకోండి.

నిప్పల్‌కి, అంటే గాలి బయటకు వదిలే చిన్న స్క్రూకి, రింగ్ స్పానరే వాడండి, మూలలు అరిగాయంటే అదో పెద్ద తలనొప్పి. బ్రేక్ లివర్ నొక్కి పట్టుకునే నిప్పల్ బిగించాలి, ముందే వదిలేస్తే గాలి మళ్లీ లోపలికే. పైన గిన్నెలో ఆయిల్ కనీస గీత దాటి దిగకుండా చూడ్డానికి తోడు ఒకరుంటే మేలు. లివర్ మెత్తగా ఉన్నంతసేపూ బండి నడపొద్దు.