కట్‌అవే దగ్గర పక్క చెక్క విరుగుతోందా? ముందు నార చూడండి

లక్షణం: గిటారు పెట్టె చుట్టూ వచ్చే పక్క చెక్కను వేడిచేసి అచ్చులో వంచుతుంటే, నడుము దగ్గర హాయిగా వంగుతుంది. కట్‌అవే, అంటే మెడ పక్కన చెయ్యి అందడానికి భుజాన్ని లోపలికి తీసిన చోటు, ఆ వంపులోకి దిగేటప్పుడు టప్‌మంటుంది. అచ్చులోంచి తీస్తే వంపు వెలుపలి ముఖం మీద సన్నటి పెచ్చు లేచి ఉంటుంది.

నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెక్కను రాత్రంతా నానబెడతారు. అదీ విరుగుతుంది. దయచేసి ముందు మందం కొలవండి, అదీ అంచున ఒక్కచోట కాదు, రెండంచుల వెంటా మధ్యలోనూ అంగుళానికొకసారి. కట్‌అవే దగ్గర 1.8 నుంచి 2 మి.మీ., మిగతా చోట్ల 2.2 వరకు ఉండొచ్చు. పక్కపక్కనే 0.2 తేడా వచ్చినా వంపంతా పల్చటి చోటే పడి మడత తేలుతుంది.

మందం సరిగ్గానే ఉంటే అసలు దొంగ నార, అంటే చెక్కలో పోగులు సాగే తీరు.

ముఖం మీది గీతలు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయని నమ్మొద్దు. అవి చెట్టు వయసు వలయాలు. నార వాటిని దాటి పక్కకు వాలొచ్చు, ఎందుకంటే చాలా చెట్లలో అది మెలితిరుగుతూ పెరుగుతుంది. అడితిలో రంపం దుంగ వెంట పోతుంది, నార వెంట కాదు. రాజమండ్రిలో గుమ్మాలకు కోయించిన టేకుకు దానివల్ల నష్టం లేదు. 2 మి.మీ. పలకలో మాత్రం పోగులు ఈ ముఖంలో మొదలై ఆ ముఖంలో తేలతాయి. వంచినప్పుడు వెలుపలి ముఖం సాగాలి. అక్కడ తెగి ఉన్న పోగుకు పట్టు లేదు కాబట్టి కొస లేస్తుంది, చీలిక దాని వెంటే లోపలికి దిగుతుంది. నీళ్లూ వేడీ చెక్కను మెత్తబరుస్తాయి గానీ తెగిన పోగును అతకవు.

పలకలు కోయించక ముందే మొద్దు కొస నుంచి ఓ ముక్క తీసి, ఉలిని పలక ముఖానికి సమాంతరంగా పెట్టి చీల్చండి. చీలిక ఎటు వాలితే నార అటే. పలక ఇప్పటికే చేతిలో ఉంటే అంచును నున్నగా చిత్రిక పట్టి, తడిగుడ్డతో తుడిచి భూతద్దంతో చూడండి. రోజ్‌వుడ్‌లో రంధ్రాలు సూదితో గీసినట్టు కనిపిస్తాయి. ఆ గీత 40 మి.మీ. లోపే ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దాటితే ఆ చోటు కట్‌అవేకు పనికిరాదు. ముఖం మీదా గుర్తుంటుంది: నార తిన్నగా ఉన్నచోట రంధ్రాలు దారప్పోగుల్లా పొడుగ్గా, వాలినచోట నువ్వుగింజల్లా పొట్టిగా ఉంటాయి.

పరిష్కారం: జత పలకలు రెండింటినీ తలకిందులు చేయండి. వాలు నార ఉన్న చోటు కింది వెడల్పు భాగానికి పోతుంది, అక్కడ వంపు తక్కువ. ఇందుకే పరీక్ష అయ్యేదాకా పొడవు కత్తిరించకూడదు. తిప్పినా కుదరకపోతే 1 మి.మీ. పలకలు రెండు వంచి, అచ్చులోనే ఎపాక్సీతో అతికించండి.

కట్‌అవే వంపు భుజం వంపుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక వైపే స్టీలు పట్టీ పెడితే ఏదో ఒక వంపులో సాగే ముఖానికి ఆసరా ఉండదు, రెండు వైపులా 0.25 మి.మీ. పట్టీలు పెట్టండి. చెక్క వేడి 150 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చాక తొందరపడకుండా, అది లొంగినంత మేరకే అచ్చులోకి దించండి.

చిన్న పెచ్చయితే చల్లారాక పల్చటి సూపర్‌గ్లూ ఎక్కించి బిగించొచ్చు. చీలిక లోపలి ముఖానికి చేరితే ఆ పలక వదిలేయండి.

వంచాక విచ్చుకుంటుంటే కారణం తేమ. డెల్టాలో వానాకాలమంతా ఇదే గోల. రాత్రంతా అచ్చులోనే ఉంచి, మర్నాడు నీళ్లు తగలకుండా పది నిమిషాలు మళ్లీ వేడిచేసి, అక్కడే చల్లారనివ్వండి. తీసిన వెంటనే గిటారు కట్టే ఫ్రేములో బిగించాలి, వరండాలో వదిలేస్తే సాయంత్రానికి ఆకారం మారుతుంది.

అడ్డంగా దోనెలా వంగితే నీళ్లు ఎక్కువయ్యాయి. నల్లబడితే వేడి ఎక్కువైంది, పైపైన గీరితే పోతుంది. పురుగు తొలిచిన చెక్క అరుదు, అలాంటిది అసలు వంచొద్దు.