నాటకానికి లైట్లు కట్టే ముందు జాగ్రత్తలు

- మెయిన్ ఆఫ్ చేశాకే నిచ్చెన ఎక్కండి. కింద ఒకరు పట్టుకోవాలి.
- లోడ్ లెక్క వేయండి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల పార్ లైటు (స్టేజీకి వాడే డబ్బా ఆకారపు లైటు) ఒక్కటే దాదాపు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కి మూడే. "ఇంకొక్కటేగా" అనే మాట వినొద్దు. నాటకం మధ్యలో ఫ్యూజ్ పోతే ఆ టెన్షన్ మీదే.
- ప్రతి లైటుకీ క్లాంపుతో (పైపుకి బిగించే పట్టుతో) పాటు సేఫ్టీ చైన్ కూడా. ఇందులో మొహమాటం లేదు, కింద నటులుంటారు.
- ఫ్రెనెల్ (మెత్తటి అంచుల వెలుగునిచ్చేవి), ప్రొఫైల్ (పదునైన అంచుల వెలుగునిచ్చేవి) లైట్లలోని హాలోజన్ బల్బు గాజును వట్టి చేత్తో తాకొద్దు. వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగలొచ్చు.
- తెరలకు, లైట్లకు మధ్య దూరం ఉండేలా చూడండి.
- ఎల్‌ఈడీ లైట్లకు డిమ్మర్ (వెలుగు తగ్గించి పెంచే పరికరం) నుంచి కాదు, నేరుగా కరెంటు ఇవ్వండి.