క్లియర్ కొట్టగానే గిటార్ మీద ముడతలు: కారణం, పరిష్కారం

మా గోదావరి వైపు ఇంట్లో గిటార్ చేసేవాళ్లు చెక్క దగ్గర రాజీ పడరు. రాజమండ్రి అడితిలో టేకు ముక్కల్ని తట్టి తట్టి ఏరుకుంటారు. రంగుకొచ్చేసరికి పడవకి వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా తీస్తారు. దాని మీద కార్ల షెడ్డులో దొరికిన క్లియర్ (రంగు లేని పైపూత) కొడతారు. ఆనక వాట్సాప్‌లో ఫొటో పంపి "ఇలా అయిందేంటి అన్నా?" అంటారు. "గుడ్డ పరీక్ష చేశావా?" అంటే జవాబుండదు.

చేయాల్సింది ఇంతే. క్లియర్‌లో కలిపే థిన్నర్‌తోనే తెల్ల నూలుగుడ్డ తడిపి, రంగు మీద ఒక నిమిషం ఉంచండి. రంగు మెత్తబడినా, పొంగినా ఆ జోడీ వద్దు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ లక్కర్) మీద ఎన్‌సీ అయితే మాత్రం కరిగినా కంగారు లేదు, పూతలు ఒకదాన్లో ఒకటి కలిసిపోవడమే దాని పద్ధతి.

సమస్య: క్లియర్ పడిన కాసేపటికే రంగు ముడుచుకుపోవడం.

కారణం: కింద ఎనామిల్, పైన ఎన్‌సీ లేదా టూకే పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురెథేన్). ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని పైనుంచి కిందికి గట్టిపడుతుంది. చేతికి ఆరినట్టే ఉంటుంది గానీ, అది పాల మీద కట్టిన మీగడ. ఘాటు థిన్నర్ తగిలితే ఆ పొర ఉబ్బుతుంది, సాగడానికి చోటు లేక మడతలు పడుతుంది.

ఇక్కడే నేనూ దెబ్బతిన్నాను. గుడ్డ పరీక్ష చేశాను, పాసైంది. కనబడదు కదా అని పికప్ (తీగల మోతని పట్టే అయస్కాంతపు భాగం) కూర్చునే గుంతలో చేశాను. క్లియర్ కొడితే గుంతలో అద్దంలా వచ్చింది, మెడ పక్కన పొడుచుకొచ్చే బాడీ కొమ్ముల అంచుల్లో ముడతలు. అదే డబ్బా, అదే రోజు వేసిన రంగు. రెండు రోజులు థిన్నర్ అమ్మిన కొట్టాయన్ని తిట్టుకున్నాను. తీరా బ్లేడుతో గీరితే అంచు దగ్గర పైపొర పెళుసుగా లేచింది, కింద రంగు వేలికి అంటుకుంది. వేసి పదహారు రోజులైంది, అదీ శ్రావణం ముసురులో. గుంతలోకి వెళ్లింది ఒక్క పల్చటి పూత. బాడీకి మూడు, అంచుల్లో జారి ఇంకా మందం. నేను పరీక్షించింది బాగా ఆరిన చోటునే.

అందుకని బాడీ కోసినప్పుడు మిగిలిన ముక్క పారేయకండి. బాడీకి వేసిన రోజే దానికీ అన్ని పూతలూ, అంతే మందంగా వేయండి. పరీక్ష దాని మీదే. గోరు నొక్కితే గుంట పడినా, ముక్కు దగ్గర పెడితే టర్పెంటైన్ వాసన వచ్చినా ఇంకా ఆగాలి.

పరిష్కారం: ముడతల మీద ఇంకో కోటు కొట్టి కప్పేద్దామనుకోకండి. గట్టిపడేదాకా వదిలేసి, చెక్క దాకా గీకడమే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎన్‌సీ రంగుకి ఎన్‌సీ క్లియర్, పీయూకి పీయూ. టూకే హార్డెనర్‌లో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ఐసోసైనేట్లు ఉంటాయి, బట్ట మాస్కు వాటిని ఆపదు. ఎనామిలే కావాలంటే పైన టర్పెంటైన్‌తో పల్చన చేసే వార్నిష్ వేయండి. పసుపు తిరుగుతుంది కాబట్టి తెల్ల గిటార్‌కి వద్దు. మధ్యలో లక్క పాలిష్ వేస్తే ఏదైనా పడుతుందంటారు. మైనం తీసిన లక్కయి, కింద రంగు పూర్తిగా ఆరితే నిజమే. మెత్తటి ఎనామిల్ మీద అదీ నెర్రెలిస్తుంది.

ఎన్‌సీ క్లియర్ పాలలా తెల్లబడితే అది తేమ. ముసురు రోజు కొట్టకండి. తెల్లబడ్డాక రిటార్డర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) పల్చగా చల్లితే చాలావరకు పోతుంది.

పూతలో చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడితే సిలికాన్: పక్కనే ఎవరో బైకుకి పాలిష్ కొట్టి ఉంటారు. రేకులా ఊడొస్తే వాటర్ పేపర్ రుద్దలేదన్నమాట. స్టాండు ఆనిన చోట మరక పడితే, ఎన్‌సీకి కొన్ని రబ్బర్లు పడవు, నూలుగుడ్డ చుట్టండి.