ఫిజికల్ సైన్స్ టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు: నెల్లూరు, ప్రకాశం అభ్యర్థులకు టెట్ నుంచి డీఎస్సీ దాకా

కావలి, కందుకూరు, పొదిలి వైపు డిగ్రీ చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఫిజిక్స్ టీచర్ కావాలంటే దేనికి అప్లై చేయాలి?"

ముందు ఆ పేరు దగ్గరే చిక్కు. మన ప్రభుత్వ హైస్కూళ్లలో ఫిజిక్స్‌కి విడిగా పోస్టు లేదు. ఉన్నది స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. స్టాఫ్ రూములో పీఎస్ సార్, పీఎస్ మేడం అంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఆ ఒక్కరే చెప్పాలి. పొద్దున ఓమ్ నియమం చెప్పినవాళ్లే మధ్యాహ్నం సబ్బు ఎలా తయారవుతుందో బోర్డు మీద రాయాలి. దరఖాస్తు ఫారంలో వచ్చే ఇబ్బందులు సగం ఈ సంగతి ఆలస్యంగా తెలియడం వల్లే వస్తాయి. అందుకని డిగ్రీ దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఆ తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్, చివరికి ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామక పరీక్ష డీఎస్సీ.

డిగ్రీ, బీఈడీ

ఫిజికల్ సైన్స్ పోస్టుకు డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, వాటి అనుబంధ సబ్జెక్టుల్లో రెండు ఉండాలి. లేదా ఒకటి ప్రధానంగా, ఇంకొకటి అనుబంధంగానైనా ఉండాలి. బీఈడీలో ఫిజికల్ సైన్స్ మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టు బోధనా పద్ధతులు, చేసి ఉండాలి. పాత ఎంపీసీ డిగ్రీ వాళ్లకు ఇందులో ఏ సమస్యా లేదు. జాగ్రత్త పడాల్సింది ఇప్పుడు చదువుతున్నవాళ్లు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ అయింది, అంటే ప్రధాన సబ్జెక్టు ఒక్కటే. ఫిజిక్స్ మేజర్ తీసుకుని, మైనర్‌గా కంప్యూటర్స్ పెట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. టీచర్ కావాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా మైనర్‌గా కెమిస్ట్రీ తీసుకోమని చేతులు పట్టుకుని చెబుతాను. మూడేళ్ల తర్వాత ఎవరూ దీన్ని సరిచేయలేరు.

బీఈడీ సీటు ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ ర్యాంకు మీద వస్తుంది. నెల్లూరు వైపు కాలేజీలు విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద, ఒంగోలు వైపువి ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింద ఉన్నాయి. పరీక్ష రెండు గంటలు, 150 మార్కులు. అందులో 100 మార్కులు మన సబ్జెక్టువే: ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. మిగతా 50 ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, బోధనా సామర్థ్యానికి. డిగ్రీ పుస్తకాలు శ్రద్ధగా చదివినవాళ్లకు ఇది పెద్ద గండం కాదు.

టెట్: ఒకసారి పాసైతే చాలదు

ఫిజికల్ సైన్స్ వాళ్లు రాయాల్సింది టెట్ పేపర్-2ఏ, గణితం-సైన్స్ విభాగం. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు, కంప్యూటర్ మీద. తప్పు జవాబుకు మార్కులు కోయరు. చైల్డ్ డెవలప్‌మెంట్‌కు 30, మొదటి భాషకు 30, ఇంగ్లిష్‌కు 30, గణితం-సైన్స్‌కు 60. ఆ 60లో బయాలజీ కూడా ఉంటుంది. ఇంటర్ ఎంపీసీలో చేరిన రోజు నుంచి బయాలజీ ముట్టని మనలాంటివాళ్లు ఆరు నుంచి పదో తరగతి వరకు జీవశాస్త్రం పుస్తకాలు మళ్లీ ముందేసుకోక తప్పదు.

పాస్ మార్కులు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. అందుకే చాలామంది 92 వచ్చింది కదా అని ఆగిపోతారు. అక్కడే దెబ్బ తింటారు. డీఎస్సీ మెరిట్‌లో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20. 150కి వచ్చిన టెట్ మార్కుల్ని 20కి కుదిస్తారు. అంటే టెట్‌లో ప్రతి ఏడున్నర మార్కులకు మెరిట్‌లో ఒక మార్కు. 90 వచ్చినవాళ్లకు 12 కలుస్తాయి, 120 వచ్చినవాళ్లకు 16. ఆ నాలుగు మార్కుల తేడా పూడ్చాలంటే డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలు ఎక్కువ రాయాలి, ఎందుకంటే అక్కడ ప్రశ్నకు అర మార్కే. దశాంశాల్లో ర్యాంకులు మారే పోటీలో ఎనిమిది ప్రశ్నలంటే చాలా పెద్ద దూరం. టెట్ మళ్లీ రాసే అవకాశం వస్తే ఫీజు గురించి ఆలోచించకుండా రాయండి. 2025 అక్టోబరు నోటిఫికేషన్‌లో ఫీజు 1000 రూపాయలు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ ఇది సంబంధించిన విషయమే. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మా సీనియర్లు ఈ వయసులో పియాజే, వైగాట్‌స్కీల శిశు మనస్తత్వ సిద్ధాంతాలు చదువుకుంటూ టెన్షన్ పడుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని మాక్ టెస్టు ఎలా తెరవాలో, మౌస్‌తో జవాబు ఎలా గుర్తించాలో చూపించడం మన బాధ్యత అనుకుంటాను.

డీఎస్సీ ఫారం

2025 మెగా డీఎస్సీని నమూనాగా పెట్టుకుని చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది, మే 15 వరకు గడువు. మొత్తం 16,347 పోస్టులు, వాటిలో స్కూల్ అసిస్టెంట్లు 7,725. గరిష్ఠ వయసు ఓసీలకు 44, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. ఒక్కో పోస్టుకు 750 రూపాయల ఫీజు విడివిడిగా కట్టాలి. ముందు ఫీజు కట్టడం, తర్వాత వివరాలు నింపడం, ఫొటో, సంతకం, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడం, చివరికి సబ్మిట్ కొట్టి ప్రింట్ తీసుకోవడం. వరస ఇంతే. ఫోన్ నంబరు మీ సొంతదే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు ఇచ్చేస్తే తర్వాత ఓటీపీ కోసం అతని చుట్టూ తిరగాలి.

పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అక్షరం మారకుండా అలాగే కొట్టాలి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిన చెల్లెళ్లు ముఖ్యంగా చూసుకోండి. కులం, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గం) సర్టిఫికెట్లకు సచివాలయంలో ముందే అర్జీ పెట్టండి. ఈడబ్ల్యూఎస్ ఏ ఆర్థిక సంవత్సరానిదో కూడా చూడండి.

లోకల్ సంగతి, అంటే మీరు ఏ జిల్లాకు స్థానిక అభ్యర్థి అన్నది, కాస్త నిదానంగా చెప్పాలి. మన రెండు జిల్లాల వాళ్లను ఎక్కువ తికమక పెట్టేది ఇదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు నెల్లూరులోకి వెళ్లింది, చీరాల బాపట్లలోకి, సూళ్లూరుపేట తిరుపతిలోకి వెళ్లాయి. కానీ 2025 డీఎస్సీ పోస్టులన్నీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే ఇచ్చారు. కాబట్టి చీరాల అభ్యర్థి ప్రకాశం లోకల్, సూళ్లూరుపేట అభ్యర్థి నెల్లూరు లోకల్. మీరు పుట్టిన ఊరు, ఇప్పుడుంటున్న ఊరు, ఆధార్‌లో ఉన్న ఊరు ఇక్కడ లెక్కలోకి రావు. పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు వరసగా ఏ జిల్లాలో చదివారో అదే మీ లోకల్. నాలుగేళ్లు ఒకేచోట లేకపోతే నాలుగు నుంచి పది వరకు ఏడేళ్లూ చూసి, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే ఆ జిల్లాకు లోకల్ చేస్తారు. నాలుగు నుంచి ఏడు వరకు కందుకూరులో, ఎనిమిది నుంచి పది వరకు కావలిలో చదివిన అమ్మాయి కావలి పిల్లనే అనుకుంటుంది. లెక్క ప్రకారం ప్రకాశంలో నాలుగేళ్లు, నెల్లూరులో మూడేళ్లు. ఆమె ప్రకాశం లోకల్. పోస్టుల్లో ఎక్కువ భాగం లోకల్ వాళ్లకే పోతాయి కనుక ఈ ఒక్క గడి తప్పు నింపితే ర్యాంకు వచ్చినా చేతికందదు.

దీనికి రుజువు స్టడీ సర్టిఫికెట్లు. నాలుగో తరగతి నుంచి పది వరకు అన్నీ నోటిఫికేషన్ రాకముందే తెచ్చి పెట్టుకోండి. నేను చదివిన చిన్న ప్రైవేటు స్కూలు నా దరఖాస్తు నాటికి మూతపడి ఉంది. రికార్డులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికే వారం పట్టింది. చివరికి ఒక ఆఫీసు బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. అంచులు చెదలు కొట్టాయి. నా పేరున్న వరసలో పుట్టిన తేదీ ఎర్ర సిరాతో రాసి ఉంది, పక్కన మా తాత వేలిముద్ర. ఆ కాగితం ఇంకో రెండేళ్లు అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మీ స్కూలు మూతపడితే ముందు మండల విద్యాశాఖ అధికారి కార్యాలయంలో అడగండి.

ఇక పోస్టుల ప్రాధాన్యం. బీఈడీలో గణితం, ఫిజికల్ సైన్స్ రెండు మెథడాలజీలూ ఉన్నవాళ్లు రెండు స్కూల్ అసిస్టెంట్ పోస్టులకూ అర్హులవుతారు. మోడల్ స్కూళ్లు, గురుకులాల్లో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) ఫిజికల్ సైన్స్ ఉంది, పీజీ చేసినవాళ్లకు పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) ఉంది. టీజీటీ, పీజీటీలకు ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్షలో విడిగా అర్హత సాధించాలి. 2025లో వీటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది దరఖాస్తు చేసేటప్పుడే రాయమన్నారు. నింపేవాళ్లు ఆ జాబితాను పెద్దగా పట్టించుకోలేదు, ఏది ముందొస్తే అది నొక్కారు. ఫలితాల తర్వాత రెండు పోస్టులకు సరిపడా మార్కులున్నా, ముందు రాసిన పోస్టే వచ్చి, కోరుకున్నది పోయినవాళ్లు బాధపడ్డారు. కాబట్టి నెట్ సెంటర్‌కు వెళ్లేముందే ఇంట్లో తెల్లకాగితం మీద మీ వరస రాసుకోండి. గురుకులంలో ఉంటే రాత్రి స్టడీ అవర్లు ఉంటాయి. జిల్లా పరిషత్ స్కూలైతే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. చిన్న పిల్లలున్న తల్లికి ఈ రెండూ ఒకటి కావు. అమ్మానాన్నలతో, భార్యాభర్తలతో మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయమిది.

పరీక్షలో 160 ప్రశ్నలు, 80 మార్కులు, రెండున్నర గంటలు. సబ్జెక్టు ప్రశ్నలు ఇంటర్ స్థాయి దాకా వెళ్తాయి. మెరిట్‌లో పేరొస్తే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలుస్తారు. అన్నిటి ఒరిజినల్స్, మూడు సెట్ల జిరాక్సులు, దరఖాస్తు ప్రింటు ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి.

చేరిన తర్వాత

ఉద్యోగంలో చేరాక నేర్చుకోవడం ఆగదు. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్ష యాప్‌లో కోర్సులు పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. ముఖాముఖి శిక్షణలకు నెల్లూరు వాళ్లకు పల్లిపాడు డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ), ప్రకాశం వాళ్లకు మైనంపాడు డైట్ ఉన్నాయి. విద్యార్థుల సైన్స్ ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు పిల్లల ఆలోచనలు స్కూలు తరఫున ఆన్‌లైన్‌లో పంపాలి, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. ఆ పని సాధారణంగా పీఎస్ టీచరు మీదే పడుతుంది. ఇష్టంగా చేయండి. 1984లో మొదలైన భారత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం, ఐఏపీటీలో సభ్యత్వం తీసుకుంటే ప్రయోగాలు నేర్పే వర్క్‌షాపుల సమాచారం అందుతుంది.

నాకు మాత్రం ఎక్కువ ఉపయోగపడింది చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలే. మొదటి ఏడాది ఒక సమావేశంలో పక్క మండలం మేడం గాజు గిన్నెలో నీళ్లు పోసి, రెండు చుక్కలు పాలు కలిపి, తలుపులు మూయించి లేజర్ లైటు ఏటవాలుగా వేశారు. నీటిలోకి దిగేచోట ఎర్రటి గీత వంగి కనిపించింది. వక్రీభవనానికి నేను అప్పటిదాకా బోర్డు మీద బాణం గుర్తులు మాత్రమే గీసేవాణ్ణి. మరుసటి రోజు పదో తరగతిలో అదే చేశాను. బెల్లు కొట్టాక కూడా వెనక బెంచీ పిల్లలు ఆ గిన్నె దగ్గరే ఉన్నారు. ఇంకో చుక్క పాలు వేస్తే ఏమవుతుంది సార్ అని అడిగారు. తర్వాతి పీరియడ్ మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఆయన కూడా ఆ చుక్క వేసేదాకా లోపలికి రాలేదు.