ఎక్స్‌కవేటర్ ఆగకపోతే: స్వింగ్, ట్రావెల్ బ్రేకుల లోపాన్ని పట్టుకునే పద్ధతి

కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనైనా, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల మట్టికుప్పల మీదనైనా, వరంగల్ చుట్టుపక్కల ఎండాకాలంలో సాగే చెరువు పూడిక పనుల్లోనైనా ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ చేసే ఫిర్యాదు ఒక్క మాటలోనే ఉంటుంది: బ్రేకు పట్టడం లేదు. ఏ కంపెనీ బండినైనా హిటాచీ అనో పొక్లెయిన్ అనో పిలిచే మన ప్రాంతంలో, ఈ ఒక్క మాట వినగానే మోటరు విప్పే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. చైన్ మీద నడిచే ఎక్స్‌కవేటర్‌కు కాలితో తొక్కే బ్రేకు ఉండదు. దానిలో బ్రేకు అనే పనిని వేర్వేరు భాగాలు పంచుకుంటాయి కనుక, ఆ పనుల్లో ఏది దెబ్బతిన్నదో తేల్చకుండా పానా పట్టుకోవడం యజమాని డబ్బుకూ, మంచి స్థితిలో ఉన్న మోటరుకూ నష్టమే.

కదులుతున్న బండిని ఆపేది ఆయిల్. లీవర్ వదలగానే కంట్రోల్ వాల్వు దారి మూసుకుంటుంది. అప్పుడు తిరుగుతున్న పైభాగాన్ని, దాన్ని తిప్పే స్వింగ్ మోటరు మీది రిలీఫ్ వాల్వులు (ప్రెషర్ హద్దు దాటితేనే ఆయిల్‌ను వదిలేవి) ప్రెషర్‌తో నిలువరిస్తాయి; వాలులో దిగుతున్న చైన్లను, వాటిని నడిపే ట్రావెల్ మోటరులోని కౌంటర్ బ్యాలెన్స్ వాల్వు అదుపు చేస్తుంది. ఆగిన బండిని ఆగిన చోట పట్టి ఉంచేవి మాత్రం డిస్కులు. ఇవి స్ప్రింగు బలంతో బిగుసుకుని ఉండి, ఆయిల్ ప్రెషర్ వచ్చినప్పుడే వదులుతాయి. అందుకే ఇంజిన్ ఆగినా, హోస్ పగిలినా బ్రేకు తనంతట తానే పడుతుంది. కాబట్టి ఆపరేటర్‌ను మొదట అడగవలసింది ఇది: లీవర్ వదిలాక ఆగవలసిన చోట ఆగకుండా ముందుకు పోతోందా, ఆగిన తర్వాత మెల్లగా జారుతోందా, లేక బ్రేకు వదలక బరువుగా కదులుతోందా? మొదటిదైతే వాల్వుల వైపు, రెండోదైతే డిస్కులూ వాటిని వదిలించే ఆయిల్ వైపు, మూడోదైతే పైలట్ ప్రెషర్ (వాల్వులనూ బ్రేకునూ కదిలించే తక్కువ ప్రెషర్ ఆయిల్) వైపు వెతకాలి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి మధ్యాహ్నానికి మొదలయ్యే లోపమా అని కూడా అడగాలి. వేడికి ఆయిల్ పలచబడినప్పుడు బయటపడే లోపం సాధారణంగా అరుగుదల వల్ల జరిగే లోపలి లీకేజీని సూచిస్తుంది. రామగుండం ఎండల్లో పనిచేసే బండిని తెల్లవారుజామున పరీక్షించి అంతా బాగుందని చెప్పి వెళ్లడం అందుకే సరికాదు.

చేయి పెట్టే ముందు జాగ్రత్త. బండిని సమతలం మీద నిలిపి, బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజిన్ ఆపాలి. తర్వాత తాళంచెవి ఆన్‌లోనే ఉంచి, సేఫ్టీ లాక్ లీవర్ తెరిచి, లీవర్లన్నింటినీ అన్ని దిక్కులకూ కదిపితే అక్యుములేటర్‌లో (ప్రెషర్‌ను నిలువ ఉంచే చిన్న పాత్రలో) మిగిలిన పైలట్ ప్రెషర్ పోతుంది. ట్యాంకు మూతను మెల్లగా తెరిచి అందులోని గాలినీ వదలాలి. లీకు ఎక్కడుందో చేతితో తడిమి చూసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది, దయచేసి దాన్ని మానండి. సన్నని రంధ్రం నుంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా అది చేయి పోగొట్టగల ప్రమాదం. ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు.

ఎక్కువ ఫిర్యాదులు స్వింగ్ మీదే వస్తాయి కనుక దానిని కొంచెం వివరంగా చూద్దాం. ముందుగా గేర్ల పళ్ల మధ్య ఖాళీ వల్ల ఉండే ఆటను, బ్రేకు లోపాన్ని వేరుచేయాలి. ఇంజిన్ ఆపి, నేలకు కొద్దిగా పైన ఉన్న బకెట్‌ను పక్కనుంచి అటూ ఇటూ తోస్తే కొంత కదిలి టక్కున ఆగితే అది పైభాగాన్ని తిప్పే పళ్లచక్రాలైన స్వింగ్ పినియన్, రింగ్ గేర్ల అరుగుదల. డిస్కులు మార్చినా అది పోదు. తర్వాత పట్టు పరీక్ష. సర్వీస్ మాన్యువల్ చెప్పినంత వాలులో బండిని నిలిపి, పైభాగాన్ని వాలుకు అడ్డంగా తిప్పి, స్వింగ్ బేరింగ్ బయటి అంచు మీదుగా పైభాగానికీ కింది ఫ్రేముకూ కలిపి సుద్దముక్కతో ఒకే గీత గీయాలి. ఇంజిన్ ఆపి, మనుషులను దూరంగా ఉంచి, 5 నిమిషాల తర్వాత ఆ గీత రెండు ముక్కలై ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవాలి. తర్వాత ఇంజిన్ నడుస్తూ ఉండగా, లీవర్లు తాకకుండా ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

ఈ రెండు కొలతల తేడాలోనే సగం జవాబు ఉంటుంది. ఇంజిన్ ఆపినప్పుడు కూడా జారితే డిస్కులు అరిగాయి, లేదా స్ప్రింగులు బలం కోల్పోయాయి. ఇంజిన్ ఆపితే నిలిచి, నడుస్తుంటే జారితే డిస్కులు మంచివే. వాటిని వదిలించే ఆయిల్ వెనక్కి పోకుండా బ్రేకులోనే నిలిచిపోతోంది. బ్రేకు సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఇరుక్కోవడం, బ్రేకు పడే ఆలస్యాన్ని నియంత్రించే సన్న రంధ్రం మూసుకుపోవడం దీనికి సాధారణ కారణాలు. ఈ నిర్ణయాన్ని ధ్రువపరచుకోవాలంటే ఇంజిన్ ఆపి, బ్రేకు వదిలించే హోస్‌ను విప్పి రెండు కొనలకూ ప్లగ్ బిగించి, ఇంజిన్ నడిపి గీతను గమనించాలి. ఇలా ప్లగ్ బిగించినంతసేపు స్వింగ్ లీవర్‌ను తాకకూడదు. ఒక విషయం మరువకూడదు: చాలా మోడళ్లలో లీవర్ వదిలిన కొన్ని సెకన్ల తర్వాతే డిస్కులు పడతాయి, కొన్నింటిలో బూమ్, ఆర్మ్ పనిచేస్తున్నప్పుడు కూడా స్వింగ్ బ్రేకు వదిలే ఉంటుంది. వాలులో తవ్వుతుండగా కొద్దిగా జరగడం అటువంటి బండిలో లోపం కాదు.

ఆగవలసిన చోట ఆగకుండా దాటిపోయే బండి విషయం వేరు. అది రెండు వైపులా దాటిపోతోందా, ఒక్క వైపేనా అని చూడాలి. ఎడమకు తిరుగుతున్న పైభాగాన్ని ఆపేది మోటరు నుంచి ఆయిల్ బయటకు వచ్చే పోర్టు మీది రిలీఫ్ వాల్వు. కుడికి తిప్పేటప్పుడు అదే పోర్టు నుంచి ఆయిల్ లోపలికి వెళుతుంది, కాబట్టి అదే వాల్వు కుడి తిరుగుడు బలాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల ఎడమకు తిప్పి వదిలితే దాటిపోతూ, కుడికి తిప్పడం మొదలుపెడితే నీరసంగా కదులుతుంటే ఆ ఒక్క వాల్వునే అనుమానించాలి. రెండు వాల్వులూ ఒకే రకానివైన బండ్లలో వాటిని అటుదిటు మార్చి బిగిస్తే లోపం కూడా వైపు మారుతుంది; ఖర్చు లేని ఇంతటి స్పష్టమైన పరీక్ష మరొకటి లేదని నా నమ్మకం. రెండు వైపులా బలహీనంగా ఉంటే మోటరు కేస్ డ్రెయిన్ హోస్ (మోటరు లోపల కారిన ఆయిల్‌ను ట్యాంకుకు పంపేది) విప్పి, వచ్చే ఆయిల్‌ను కొలత పాత్రలో నిమిషం లెక్కన పట్టి మాన్యువల్ అంకెతో పోల్చాలి. ఎక్కువగా వస్తుంటే మోటరు లోపల అరిగింది, దాన్ని విప్పడానికి ఇప్పుడు కారణం దొరికినట్లే. డ్రెయిన్ ఆయిల్‌లో నల్లటి మెత్తని పొడి కనిపిస్తే డిస్కుల పూత, బంగారు రంగు మెరుపు కనిపిస్తే మోటరులోని ఇత్తడి, కంచు భాగాలు అరుగుతున్నాయి.

బ్రేకు వదలని బండిలో స్వింగ్ మొదట్లో కీచుమంటుంది, గేర్‌బాక్సు పైభాగం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. వదిలించే పోర్టు దగ్గర గేజ్ పెట్టి స్వింగ్ లీవర్ కదిపితే పైలట్ ప్రెషర్ మొత్తం కనిపించాలి. 20 టన్నుల తరగతి బండ్లలో అది సాధారణంగా 30 నుంచి 40 బార్ మధ్య ఉంటుంది. హోస్‌ను బ్రేకు నుంచి విప్పి కొనకు గేజ్ బిగించినప్పుడు ప్రెషర్ పూర్తిగా వచ్చి, బ్రేకుకు కలిపి చూసినప్పుడు పడిపోతే బ్రేకు పిస్టన్ ఓరింగులు కారుతున్నాయి. రెండు సందర్భాల్లోనూ తక్కువే ఉంటే పైలట్ పంపు, ఫిల్టరు, సొలినాయిడ్ వరుసగా చూడాలి. సొలినాయిడ్‌కు 24 వోల్టులు అందుతున్నాయో లేదో కొలవకుండా కొత్తది కొనడం తొందరపాటు. క్వారీ దుమ్ములో పనిచేసే బండ్లలో కనెక్టరు పిన్నులు చిలుముపట్టడం మామూలే.

ట్రావెల్ బ్రేకు లోపం బయటపడేది ఎక్కువగా ట్రైలర్ ర్యాంపు మీద. పరీక్షను అక్కడ చేయకూడదు. కింద మట్టిగట్టు అడ్డంగా ఉన్న చిన్న వాలును ఎంచుకుని, బకెట్‌ను నేలకు దగ్గరగా ఉంచి దిగాలి. దిగేటప్పుడు కుదుపులు కుదుపులుగా పోతే కౌంటర్ బ్యాలెన్స్ వాల్వు స్పూల్ (లోపల జరిగే కడ్డీ) ఇరుక్కుంటోంది లేదా దాని సన్న రంధ్రంలో చెత్త చేరింది. పట్టు లేకుండా ఉరికితే స్పూల్ మూసుకోవడం లేదు. బండి ఆగాక వాలులో మెల్లగా జారితే మోటరు లీకేజీకి తోడు పార్కింగ్ డిస్కులూ అరిగాయి. నడకలో ఒక వైపుకు లాగితే, ఆ వైపు ఫైనల్ డ్రైవ్ (చైన్‌ను తిప్పే గేర్‌బాక్సు) రెండోదానికంటే వేడిగా ఉందేమో చూడాలి. వేడి ఎక్కువైతే డిస్కులు వదలడం లేదు. వేడి సమానంగా ఉంటే సెంటర్ జాయింటు (తిరిగే పైభాగం నుంచి కిందికి ఆయిల్‌ను పంపే కీలు) దగ్గర కుడి ఎడమ ట్రావెల్ హోస్‌లను అటుదిటు మార్చాలి. లాగుడు రెండో వైపుకు మారితే లోపం పంపులో లేదా కంట్రోల్ వాల్వులో ఉంది, మారకపోతే సెంటర్ జాయింటులో లేదా మోటరులో ఉంది. ఫైనల్ డ్రైవ్ లెవెల్ ప్లగ్ విప్పగానే పలచటి ఆయిల్ పొంగివస్తే మోటరు షాఫ్టు సీల్ పోయి హైడ్రాలిక్ ఆయిల్ గేర్లలోకి చేరుతోందని అర్థం. ఇంకొక హెచ్చరిక: డిస్కులు మోటరు వైపు ఉంటాయి కాబట్టి, లాగి తీసుకెళ్లడానికి ఫైనల్ డ్రైవ్ సన్ గేర్ (మధ్య గేరు) తీసిన మరుక్షణం ఆ చైన్‌కు ఏ బ్రేకూ ఉండదు. చైన్లకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టకుండా ఆ మూత తెరవవద్దు.

చక్రాల మీద నడిచే బ్యాక్‌హో లోడర్ల సంగతి క్లుప్తంగా చెప్పాలి. వాటికి పెడల్ బ్రేకులుంటాయి, కనుక కారుకు చూసినట్లే ఫ్లూయిడ్ మట్టం, గొట్టాల్లో చేరిన గాలి, మాస్టర్ సిలిండర్ వరుసగా చూడవచ్చు. అయితే కొన్ని మోడళ్లలో బ్రేకు సీళ్లు మినరల్ ఆయిల్‌కు తగినవి. వాటిలో బజారులో దొరికే డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు పాడై కొద్ది రోజుల్లోనే పెడల్ అడుగుకు దిగిపోతుంది. రిజర్వాయర్ మూత మీద ఏమి రాసి ఉందో చదివాకే పోయండి.

మోటరు విప్పి బాగుచేసి బిగించాక, ఇంజిన్ వేసే ముందు మోటరు కేసును డ్రెయిన్ పోర్టు ద్వారా శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిల్‌తో నింపాలి. పొడిగా తిరిగిన మోటరు మొదటి నిమిషాల్లోనే గీతలు పడుతుంది. ఇంజిన్‌ను తక్కువ వేగంలో ఉంచి, రెండు వైపులా మెల్లగా తిప్పి గాలి పోనివ్వాలి. తర్వాత ఆయిల్ పని వేడికి వచ్చేదాకా నడిపి, అదే వాలులో పట్టు పరీక్ష మళ్లీ చేసి, ఆ కొలతను తేదీతో సహా బండి లాగ్‌బుక్కులో రాసి ఉంచాలి.