ఫాఫ్సా నింపే ముందు మా అనుభవం

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగువాళ్ళకి నా మాట: "మన జీతానికి ఏం వస్తుందిలే" అని ఫాఫ్సా (కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం నింపే దరఖాస్తు) మానేయకండి. ఫెడరల్ విద్యారుణానికైనా అదే కావాలి. మేము హెచ్-1బీ ఉద్యోగ వీసాలో ఉన్నా మా అమ్మాయి ఇక్కడే పుట్టిన సిటిజన్ కాబట్టి అర్హురాలైంది. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకి మాత్రం ఫెడరల్ సాయం లేదు. వాళ్ళయితే కాలేజీ సొంత స్కాలర్‌షిప్పులు ఇప్పుడే అడగండి.

ఫాఫ్సా నింపడానికి పిల్లకీ మీకూ వేర్వేరు ఈమెయిళ్ళతో ఖాతాలు తెరవండి. ఒకే ఈమెయిలు వాడబోయి మేము రెండు రోజులు పోగొట్టుకున్నాం.

అసలు జాగ్రత్త ఆస్తుల దగ్గర. 401కే (ఉద్యోగం ద్వారా చేసే రిటైర్మెంట్ పొదుపు) నిల్వ, మీరుండే ఇల్లు ఫాఫ్సాలో రాయకూడదు. మా ఆయన 401కే కలిపేశారు, పంపేముందు చూసుకున్నాం. కొన్ని ప్రైవేటు కాలేజీలడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే సాయం దరఖాస్తు వేరు, అందులో ఇంటి విలువ కూడా అడుగుతారు. ప్రతి కాలేజీ గడువూ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.